సున్నం డబ్బులు ఎవరిచ్చారు?

వర్జీనియాలో రిచ్‌మండ్ పక్కనే ఉన్న గ్లెన్ ఆలెన్‌లో ఉండే తెలుగువాళ్ళకి మౌంటెన్ రోడ్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు, పిల్లల కూచిపూడి ప్రోగ్రాములకి కల్చరల్ ఆర్ట్స్ సెంటర్‌కి వెళ్ళేది ఆ రోడ్డు మీదే కదా. అదే రోడ్డు మీద ఇంకాస్త ముందుకి పోతే ఒక చిన్న కాటేజీ, దాని ముందు వర్జీనియా రాండాల్ఫ్ మ్యూజియం అని బోర్డు ఉంటుంది. ఏళ్ళ తరబడి దాని ముందు నుంచే వెళ్తూ, పేరు చూసి ఎవరో పాతకాలం తెల్ల దొరసాని బంగళా అయ్యుంటుందిలే అనుకునేవాళ్ళం మేమందరం (రాష్ట్రం పేరే వర్జీనియా, రాండాల్ఫ్ అంటే ఇక్కడ పెద్ద పెద్ద ఎస్టేట్లున్న వంశం, అలా అనుకోవడంలో వింతేం లేదు). తీరా చూస్తే ఆవిడ నల్లజాతి టీచర్. బానిసలుగా బతికిన తల్లిదండ్రుల కూతురు. ఈ హెన్రైకో కౌంటీ పల్లెల్లో బ్లాక్ పిల్లల చదువు కోసం 57 ఏళ్ళు పనిచేసింది. ఆవిడ పని చూసి అమెరికా సౌత్ అంతా అదే పద్ధతి పెట్టుకున్నారు, ఆ తర్వాత ఆఫ్రికాలో కూడా పెట్టారు. మనం షార్ట్ పంప్‌లో స్కూల్ రేటింగులు చూసి ఇళ్ళు కొనుక్కుంటూ ఇదే కౌంటీలో ఉంటున్నాం, ఈవిడ పేరు మాత్రం మన గ్రూపుల్లో ఎక్కడా వినలేదు, అందుకే ఇది రాస్తున్నా, కొంచెం పెద్దదే, ఓపిక ఉంటే చదవండి.

రిచ్‌మండ్ సిటీలోనే పుట్టింది, సివిల్ వార్ అయ్యి బానిసత్వం పోయిన కొన్నేళ్ళకి. చిన్నప్పుడే తండ్రి పోయాడు, నలుగురు పిల్లలు, తల్లి ఇళ్ళల్లో పాచిపనులు చేసి బట్టలుతికి పెంచింది. ఈవిడ కూడా చిన్నప్పటి నుంచీ పనికి వెళ్తూనే చదువుకుని, టీనేజ్ దాటకముందే టీచర్ అయిపోయింది. ముందు పక్కనున్న గూచ్‌లాండ్ కౌంటీలో, తర్వాత 1892లో హెన్రైకోలో ఈ మౌంటెన్ రోడ్ స్కూల్‌కి వచ్చింది. స్కూల్ అంటే ఒకటే గది. ఎర్రమట్టి దిబ్బ మీద ఉండేది, వాన పడితే పిల్లల కాళ్ళతో పాటు బురదంతా లోపలికే. ఇప్పుడంటే ఇటు చూస్తే ట్రేడర్ జోస్ అటు చూస్తే కాస్ట్‌కో గానీ అప్పట్లో ఇదంతా పక్కా పల్లెటూరు, పొలాలు, అడవి.

ఆవిడ అక్కడికొచ్చి పాఠాల కంటే ముందు చేసిన పని ఆ స్కూల్‌కి సున్నం కొట్టించడం, ముందు గడ్డి నాటించడం, బురద లేకుండా దారిలో కంకర వేయించడం. ఆ తర్వాత ఇల్లిల్లూ తిరగడం. పిల్లాడు ఎందుకు రాలేదు, ఒంట్లో బాలేదా, పొలానికి పంపారా, చెప్పుల్లేవా. ఆదివారం చర్చిలకి వెళ్ళి అక్కడ తల్లిదండ్రులని పట్టుకునేది, స్కూల్లోనే సండే స్కూల్ కూడా నడిపింది. విల్లింగ్ వర్కర్స్ క్లబ్ అని పిల్లలకీ, ఇంప్రూవ్‌మెంట్ లీగ్ అని పెద్దవాళ్ళకీ పెట్టింది, అంటే మన భాషలో విద్యా కమిటీ అనుకోండి, కాకపోతే సంతకాలకి మాత్రమే ఉండే కమిటీ కాదు, కంచె వేయడం దగ్గర్నుంచి చందాలు పోగేయడం దాకా నిజంగానే పనిచేసే కమిటీ.

ఇదంతా మా అమ్మకి ఫోన్లో చెప్తున్నా. అమ్మ ప్రకాశం జిల్లాలో సింగిల్ టీచర్ స్కూళ్ళలో పనిచేసి రిటైరైంది. పొగడ్తలన్నీ ఊ కొడుతూ విని, "సున్నం కొట్టించిందంటున్నావు సరే, సున్నం డబ్బులు ఎవరిచ్చారు?" అంది.

నాకు ఆ ప్రశ్నే తట్టలేదు. చదివినవాటిలో అది ఉంది, ఆవిడే పెట్టుకుందని. కంకర కూడా సొంత డబ్బే. నేను దాన్ని "ఆహా ఎంత త్యాగం" అనుకుని దాటేశా. అమ్మకి మాత్రం త్యాగం సంగతి తర్వాత, బిల్లు ఎవరు కట్టాల్సింది ఎవరు కట్టారు అన్నది ముందు. చాక్‌పీసులు సొంత డబ్బులతో కొన్నావిడ కదా, ఆ లెక్క ఆమెకే తెలుస్తుంది. అప్పట్నుంచి నేను మళ్ళీ మొదటి నుంచి చదివా, ఈసారి డబ్బులు ఎవరిచ్చారు అని చూస్తూ. అలా చూస్తే కథ వేరేగా కనపడుతుంది.

అప్పటి పరిస్థితి కొంచెం చెప్పాలి. వర్జీనియాలో తెల్లపిల్లలకి వేరే స్కూళ్ళు, నల్లపిల్లలకి వేరే స్కూళ్ళు, చట్టమే అలా ఉంది. 1902లో రాష్ట్రం కొత్త రాజ్యాంగం రాసుకుంది, అందులో పోల్ టాక్స్ (ఓటు వేయాలంటే ముందు కట్టాల్సిన పన్ను) పెట్టి, ఇంకా రకరకాల పరీక్షలు పెట్టి, బ్లాక్ వాళ్ళ ఓట్లు దాదాపు ఊడబెరికేశారు. ఓటు లేకపోతే స్కూల్ బోర్డు ఎవరి మాట వింటుంది? బ్లాక్ కుటుంబాలు పన్నులు కడతాయి, ఆ పన్నుల్లో వాళ్ళ స్కూల్‌కి వచ్చేది నామమాత్రం, ఇక బెంచీలు కావాలన్నా పొయ్యి కావాలన్నా మళ్ళీ వాళ్ళే చందాలు వేసుకోవాలి. ఒకే పనికి రెండుసార్లు కట్టడం. మనం కూచిపూడి ప్రోగ్రాములకి వెళ్ళే ఆ కల్చరల్ సెంటర్ ఉంది చూశారా, అది 1911లో కట్టిన పాత గ్లెన్ ఆలెన్ స్కూల్, తెల్లపిల్లల స్కూల్. ఒకే రోడ్డు. ఇది తెలిశాక ఆ రోడ్డు మీద డ్రైవ్ చేస్తుంటే వేరేగా ఉంటుంది నాకైతే.

ఇంతకీ రాండాల్ఫ్ గారు ఏం చెప్పేది పిల్లలకి? చదవడం రాయడం లెక్కలతో పాటు చేతిపనులు. కుట్టు, వంట, వడ్రంగం, తోటపని. స్కూల్‌కి సామాన్ల బడ్జెట్ అనేదే లేదు కాబట్టి చుట్టుపక్కల అడవిలో దొరికే హికరీ బెత్తులూ హనీసకిల్ తీగలూ కోసుకొచ్చి బుట్టలూ చాపలూ అల్లించేది. నిజం చెప్పాలంటే ఇక్కడ నాకు కొంచెం గుచ్చుకుంది. బుట్టలల్లే వాళ్ళ పిల్లలు బుట్టలే అల్లాలి అనే కులవృత్తి వాదన మనకి కొత్తేం కాదు కదా, పెద్దవాళ్ళు ఆ మాటని ఎంత తియ్యగా చెప్తారో కూడా తెలుసు. అక్కడ కూడా, అప్పటి పెద్ద బ్లాక్ నాయకులిద్దరి మధ్య, అదే గొడవ జరిగింది. బుకర్ టీ వాషింగ్టన్ ముందు చేతిపని, తర్వాత మిగతావి అన్నాడు, డబ్ల్యూ ఈ బీ డుబోయిస్ కాదు, మా పిల్లలకి కాలేజీ చదువు, ఓటు, సమాన హక్కులు ఇప్పుడే కావాలి అన్నాడు, ఆ వాదన ఏళ్ళ తరబడి నడిచింది. ఈవిడ స్కూల్లో తల్లిదండ్రులు కూడా ఊరుకోలేదు, పుస్తకం చదువు కోసం పంపిస్తే మా పిల్లల చేత ఈ పనులేంటి, ఇది మేం ఇంట్లో చేస్తూనే ఉన్నాంగా అని గట్టిగానే ఎదురుతిరిగారు కొందరు. వాళ్ళని తప్పు పట్టలేం. బానిసగా పనిచేసినవాడి మనవడిని స్కూల్‌కి పంపితే అక్కడా పనే అంటే ఎవరికైనా కడుపు మండుతుంది.

నేను ఎటు తేల్చుకున్నానంటే, ఈవిడ ఏం చెప్పిందనేదాని కంటే దాంతో ఏం రాబట్టిందో చూడాలి. తెల్ల అధికారులకీ, నార్త్ నుంచి డబ్బులిచ్చే దాతలకీ "ఇండస్ట్రియల్ ట్రైనింగ్" అంటే చెవికి ఇంపు, బ్లాక్ పిల్లలకి లాటిన్, ఆల్జీబ్రా అంటే ఒప్పుకోరు. ఈవిడ ఆ పేరు మీద లోపలికొచ్చి, చివరికి హైస్కూల్ దాకా తీసుకెళ్ళింది. అది ఆవిడ ముందే వేసుకున్న ప్లానో, ఏళ్ళు గడిచే కొద్దీ అలా వచ్చిందో, రెండూ కలిసో. ఫలితం మాత్రం మౌంటెన్ రోడ్ మీద నిలబడింది.

1905లో జాక్సన్ డేవిస్ అని ఒక కుర్ర తెల్ల ఆఫీసర్ హెన్రైకో స్కూళ్ళకి సూపరింటెండెంట్‌గా వచ్చాడు (ఫోటోల పిచ్చి ఉన్న మనిషి, తర్వాత కాలంలో సౌత్ అంతా తిరిగి బ్లాక్ స్కూళ్ళ ఫోటోలు వందలకొద్దీ తీశాడు, అవి ఇప్పటికీ యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియాలో ఉన్నాయి). ఆయన కౌంటీలో బ్లాక్ స్కూళ్ళన్నీ చూసుకుంటూ వచ్చి ఈవిడ స్కూల్ దగ్గర ఆగిపోయాడు. మిగతావన్నీ ఒకలా ఉన్నాయి, ఇది మాత్రం తెల్లగా, శుభ్రంగా, చుట్టూ పూలమొక్కలతో. ఈ ఒక్క టీచర్‌ని అన్ని స్కూళ్ళకీ తిప్పితే ఎలా ఉంటుంది అనుకున్నాడు. ఐడియా బాగుంది, జీతం? కౌంటీ ఇవ్వదు.

సరిగ్గా అప్పుడే ఫిలడెల్ఫియాలో ఆనా జీన్స్ అని ఒక క్వేకర్ (అదొక క్రైస్తవ శాఖ) ముసలావిడ, పెళ్ళి పిల్లలు లేరు, ఉన్న ఆస్తిలోంచి 10 లక్షల డాలర్లు తీసి సౌత్‌లో బ్లాక్ పిల్లల చిన్న పల్లెటూరి స్కూళ్ళకే వాడాలని రాసిచ్చేసింది, 1907లో. పెద్ద పెద్ద కాలేజీలకి ఇచ్చేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, పల్లెటూరి ఒకగది స్కూల్‌ని పట్టించుకునేవాడే లేడు అన్నది ఆవిడ లెక్క. నాకు ఈ ముసలావిడ కూడా తెగ నచ్చేసింది, ఆవిడ మీద వేరే పోస్ట్ రాయాలి ఎప్పుడైనా. ఆ ఫండ్ బోర్డులో బ్లాక్ సభ్యులు కూడా ఉండేవాళ్ళు, ఆ రోజుల్లో అది చాలా పెద్ద విషయం. డేవిస్ వాళ్ళకి ఉత్తరం రాశాడు, 1908 అక్టోబర్‌లో రాండాల్ఫ్ గారు మొదటి జీన్స్ టీచర్ అయింది, అంటే ఆ ఫండ్ జీతంతో కౌంటీలో బ్లాక్ స్కూళ్ళన్నీ తిరిగి చూసుకునే టీచర్. జీతం నెలకి 40 డాలర్లు. కౌంటీలో ఉన్న 23 బ్లాక్ స్కూళ్ళు ఆవిడ చేతికి వచ్చాయి.

అంటే చూడండి, హెన్రైకో కౌంటీ పిల్లల కోసం పెట్టిన సూపర్‌వైజర్‌కి జీతం ఫిలడెల్ఫియా ముసలావిడ డబ్బుల్లోంచి. అమ్మకి ఇది చెప్తే "మరి కౌంటీవాళ్ళు ఏం చేస్తన్నట్టు?" అంది. అదే కదా.

గుర్రపు బగ్గీ వేసుకుని ఈ మట్టిరోడ్ల మీద ఆ స్కూళ్ళన్నీ తిరిగేది. అక్కడున్న టీచర్లు చాలామంది కుర్ర అమ్మాయిలు, తమ చదువే అంతంత మాత్రం, ఒంటరిగా ఒక గదిలో అన్ని క్లాసుల పిల్లలతో కుస్తీ. ఈవిడ వెళ్ళి తనిఖీ చేసి తిట్టి రాదు. వాళ్ళతో కూర్చుని, ఈ స్కూల్‌కి ఇప్పుడు ముందు కావాల్సింది ఏంటి అని చూసేది. ఒకచోట కంచె, ఒకచోట బావి శుభ్రం చేయించడం, ఒకచోట స్టవ్, ఒకచోట గోడలకి సున్నం, ఇంకోచోట తల్లుల మీటింగ్. అన్ని స్కూళ్ళకీ ఒకటే సిలబస్ అని రుద్దలేదు. మొదటి సంవత్సరం చివర్లో ఏ స్కూల్లో ఏం జరిగింది, ఎంత చందా పోగైంది అని రిపోర్ట్ రాసింది, దాన్నే హెన్రైకో ప్లాన్ అన్నారు. జీన్స్ ఫండ్ ప్రెసిడెంట్ జేమ్స్ డిల్లార్డ్ ఆ రిపోర్ట్ చదివి 1,000 కాపీలు వేయించి సౌత్‌లో కౌంటీ సూపరింటెండెంట్లకి పంపించాడు. మరుసటి ఏడాదికల్లా 13 రాష్ట్రాల్లో వందకి పైగా జీన్స్ టీచర్లు తిరుగుతున్నారు, దాదాపు అందరూ బ్లాక్ ఆడవాళ్ళే. 1925లో బ్రిటిష్ వాళ్ళు కెన్యాలో కబేటె దగ్గర జీన్స్ స్కూల్ అనే పేరుతోనే ట్రైనింగ్ సెంటర్ పెట్టారు. (వలస ప్రభుత్వానికి ఈ చేతిపనుల పద్ధతి ఎందుకంత నచ్చిందంటే పైన చెప్పిన కులవృత్తి గొడవే కారణం, అక్కడ వాళ్ళ ఉద్దేశాలు వేరు, దానికి ఈవిడ బాధ్యురాలు కాదు.)

జీన్స్ టీచర్లు అధికారికంగా చేతిపనులు నేర్పేవాళ్ళు. నిజానికి వాళ్ళు చేయని పని లేదు. స్కూల్ కట్టడానికి చందాలు, సెషన్ ఇంకో నెల పొడిగించడానికి చందాలు, టీకాలు, పళ్ళ డాక్టర్, పొలాల్లో మొక్కలు, ఊళ్ళో ఎవరైనా చస్తే అక్కడ, పుడితే అక్కడ. మన అంగన్‌వాడీ టీచర్, ఏఎన్ఎమ్, ఎంఈఓ ముగ్గురినీ కలిపి ఒకే మనిషిని చేసి ఒక గుర్రం ఇచ్చినట్టు.

చెట్ల సంగతి చెప్పాలి, మ్యూజియంకి వెళ్ళినవాళ్ళు ఫోటోలు తీసుకునేది అక్కడే. ఆ ఉద్యోగం రాకముందే, 1908 మార్చి 30న, పిల్లల చేత ఆర్బర్ డే (చెట్లు నాటే రోజు) చేయించింది. వర్జీనియాలో అదే మొదటిదని చెప్తారు. క్రీస్తు 12 మంది శిష్యుల పేరు మీద 12 సికమోర్ మొక్కలు నాటించింది. కొన్ని పోయాయి, మిగిలినవి మహావృక్షాలయ్యాయి, 1976లో వాటికి చారిత్రక వృక్షాలుగా గుర్తింపు కూడా ఇచ్చారు.

1915లో మౌంటెన్ రోడ్ మీద వర్జీనియా రాండాల్ఫ్ ట్రైనింగ్ స్కూల్ వచ్చింది. హైస్కూల్ అని అడిగితే తెల్ల ఓటర్లు గోల చేస్తారని సౌత్ అంతా అప్పట్లో ట్రైనింగ్ స్కూల్ అనే పేరుతోనే అడిగేవాళ్ళు. నల్లపిల్లలకి అంతకుముందు కౌంటీలో పై చదువు చదవడానికి చోటే లేదు. దూరం పల్లెల నుంచి పిల్లలు రోజూ వచ్చిపోవడం కుదరదు, బస్సులు తెల్లపిల్లలకి గానీ వీళ్ళకి లేవు, కాబట్టి ఈవిడ ఆ పిల్లలని సొంత ఇంట్లో పెట్టుకుంది. పెళ్ళి చేసుకోలేదు, ఇల్లు నిండా ఎవరెవరి పిల్లలో. చిన్న చిన్న తప్పులు చేసి కోర్టుకి ఎక్కిన పిల్లలుంటే జైలుకి పంపొద్దు నాకివ్వండి అని జడ్జిల దగ్గరికి వెళ్ళి తెచ్చుకునేది అని కూడా రాశారు. వాళ్ళ తిండి ఖర్చు ఎవరిది అని నేను అమ్మకంటే ముందే అడుక్కున్నా ఈసారి.

1929లో ఆ స్కూల్ తగలబడిపోయింది. కట్టెల బిల్డింగ్. ఆవిడకి అప్పటికి 60కి దగ్గర పడుతోంది. మన ఊళ్ళల్లో అయితే ఇక్కడితో ఆ కథ అయిపోయేది, స్కూల్ పోయింది, పిల్లలు పొలాలకి పోయారు అని. వాళ్ళు మళ్ళీ కట్టించుకున్నారు, ఈసారి ఇటుకతో, ఇంకా పెద్దది. దానికి మూడేళ్ళ ముందు, 1926లో, హార్మన్ ఫౌండేషన్ వాళ్ళు విద్యారంగంలో చేసిన పనికి అవార్డు ఇచ్చారు ఆవిడకి. 1949లో రిటైరయింది. 1954లో ఆవిడ పేరు మీద ఫౌండేషన్ పెట్టారు, హెన్రైకో పిల్లలకి కాలేజీ స్కాలర్‌షిప్పులు ఇస్తారు. అదే 1954లో సుప్రీంకోర్టులో బ్రౌన్ కేసు తీర్పు వచ్చింది, తెల్లపిల్లలకీ నల్లపిల్లలకీ వేరు వేరు స్కూళ్ళు చెల్లవని. వర్జీనియా నాయకులు దానికి చేసిన మొండితనం ఇంతా అంతా కాదు, ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ అయితే బ్లాక్ పిల్లలతో కలిపి కూర్చోబెట్టడం కంటే మేలని 1959 నుంచి 1964 దాకా మొత్తం పబ్లిక్ స్కూళ్ళే మూసి పారేసింది. ఆ మూత చూడకుండానే, 1958 మార్చిలో రాండాల్ఫ్ గారు పోయారు. సమాధి ఆ మ్యూజియం ఆవరణలోనే ఉంది. ఆ కాటేజీ 1937లో ఆడపిల్లలకి హోమ్ ఎకనామిక్స్ నేర్పడానికి కట్టింది, 1970లో మ్యూజియం చేశారు, 1974లో నేషనల్ హిస్టారిక్ లాండ్‌మార్క్ అయింది.

ఇక నాకు బాగా ఇబ్బందిగా అనిపించిన ముక్క. ఆవిడ పోయాక ఎంతో కాలానికి గానీ ఇక్కడ స్కూళ్ళు నిజంగా కలవలేదు, కలిసేటప్పుడు 1969లో వర్జీనియా రాండాల్ఫ్ హైస్కూల్‌ని మూసేశారు. సౌత్‌లో చాలాచోట్ల ఇదే జరిగింది, కలపడం అంటే నల్లపిల్లలు తెల్లస్కూల్‌కి వెళ్ళడమే గానీ తెల్లపిల్లలు నల్లస్కూల్‌కి రావడం కాదు. మూతపడ్డ స్కూళ్ళ బ్లాక్ ప్రిన్సిపాళ్ళు, టీచర్లు ఎంతోమంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. జీన్స్ టీచర్ల ప్రోగ్రాం కూడా 1968తో అయిపోయింది. 60 ఏళ్ళ పాటు సున్నం డబ్బుల దగ్గర్నుంచి ఇటుకల దాకా చందాలు వేసుకుని కట్టుకున్నది ఒక సర్క్యులర్‌తో పోయిందన్నమాట. ఇప్పుడు ఆ స్థలంలో కౌంటీవాళ్ళు ఆవిడ పేరుతోనే వేరే స్కూల్ నడుపుతున్నారు, పేరైతే నిలబెట్టారు, మంచిదే. కానీ పేరు పెట్టడం చవకైన పని. ఆవిడని ఎంత పొగిడితే అంతగా, అప్పట్లో ఆ ఖర్చు పెట్టాల్సినవాళ్ళ పేర్లు జనం మర్చిపోతారేమో అని నా అనుమానం. పొగడొద్దనట్లేదు, పొగిడేటప్పుడు బిల్లు కూడా పక్కన పెట్టి పొగడండి అంటున్నా.

మన పిల్లలు ఇదే కౌంటీ స్కూళ్ళల్లో మంచి రేటింగులతో చదువుకుంటున్నారు, పసుపు బస్సు ఇంటి ముందుకి వస్తోంది. ఆ బస్సూ ఆ హైస్కూలూ అందరికీ ఉండాలని కొట్లాడినవాళ్ళలో ఈ ఊరి బ్లాక్ కుటుంబాలు ఉన్నాయి. పాత రాండాల్ఫ్ స్కూల్లో చదివినవాళ్ళు ఇప్పుడు డెబ్బైలు దాటిన పెద్దవాళ్ళు, చాలామంది ఈ చుట్టుపక్కలే ఉంటారు. మనం ప్రతి సెప్టెంబర్ 5న టీచర్స్ డే అని పిల్లల చేత స్పీచులు ఇప్పిస్తాం కదా, ఈసారి వాళ్ళలో ఒకరిద్దరిని పిలిచి మాట్లాడమందాం, అంతకుముందు అందరం కలిసి మ్యూజియంకి వెళ్దాం అని మన తెలుగు గ్రూపులో పోస్ట్ పెట్టా. కొంతమంది సరే అన్నారు. ఒకాయన లంచ్ ఉంటుందా అని అడిగాడు. ఉంటుంది, పులిహోర నాది, మిగతావి ఎవరు తెస్తారో కామెంట్లో చెప్పండి.